బండ కదల్లేదు: ఒంగోలు గిత్తల జతకి పిక్సెల్ యానిమేషన్, ఒక కేస్ స్టడీ

మా ఫ్లెక్స్ షాపులో 'పగిలింది' అనే మాట రోజుకి పదిసార్లు వినిపిస్తుంది. కస్టమర్ ఫోన్లోంచి చిన్న ఫొటో పంపి పది అడుగుల బ్యానర్ కావాలంటాడు. పెద్దది చేస్తే ముఖమంతా గళ్లు గళ్లు. "అన్నా, ఫొటో పగులుద్ది, ఒరిజినల్ పంపు" అంటాం. ఒంగోలు కర్నూలు రోడ్డులో పదకొండేళ్లుగా నా పని ఇదే, గళ్లు కనపడకుండా చూడటం. అలాంటివాణ్ని పట్టుకుని గళ్లే కనపడాల్సిన పిక్సెల్ బొమ్మలు గీసిపెట్టమన్నాడు మా బావమరిది.

వాడు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాడు. గోడో అని, ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో ఫోన్ ఆట ఒకటి చేస్తున్నాడు. సంక్రాంతికి మా వైపు జరిగే ఎడ్ల బండలాగుడు పోటీయే ఆట. ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జత గెలిచినట్టు. దూరం అడుగుల్లో కొలుస్తారు. ట్రాక్ చివరికి పోయి, తిరిగి వెనక్కి రావాలి. నా వంతు ఒక గిత్తల జత, తోలే మనిషి, బండ. ఏప్రిల్‌లో మొదలుపెట్టి సంక్రాంతికి చూపించాం. రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా కూర్చునేవాణ్ని. ఎప్పుడు ఏం చేశానో షాపు డైరీలోనే వెనక పేజీల్లో రాసుకున్నా కాబట్టి ఇది రాయగలుగుతున్నా. మొదటి గిత్తని మొత్తం పారేశాను. ఎందుకు పారేయాల్సొచ్చిందో చెప్పడానికే ఈ రాత.

నాకు ఫొటోషాప్, కోరల్ వచ్చు. చేత్తో గీయడం మాత్రం అంతంతే. మొదటి మూడు వారాలు కుండ, టెంకాయ, లాంతరు లాంటివి 16×16 గళ్లలో గీశా. దాని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అందరూ చేసేదే. బ్రౌజర్‌లో నడిచే పిస్కెల్ అనే పిక్సెల్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టి తర్వాత లిబ్రెస్ప్రైట్‌కి మారా. రెండూ ఉచితమే. డబ్బు పెట్టగలిగితే ఏస్‌ప్రైట్ ఉంది, ఈ పనిలో ఎక్కువమంది చేతిలో కనిపించేది అదే. పెన్ ట్యాబ్లెట్ కొనాలా అని చాలామంది అడుగుతారు. నేను షాపులో పడున్న పాత మౌస్‌తోనే గీశా. ఒక్కో గడి చూసి నొక్కే పనికి పెన్ను కంటే మౌసే నయం అనిపించింది.

మొదటి గిత్త: అందంగా ఉంది, పనికిరాలేదు

ఫ్లెక్స్ వాడి బుద్ధి ఎక్కడికి పోతుంది? సైజు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకుని 128×128 గళ్లు తీసుకున్నా. గంగడోలు మీద మడతలు, కంటి చుట్టూ కాటుక గీత, మూపురం మీద బూడిద రంగు మచ్చ, మెడలో గంటలు, గంటల మీద మెరుపు కూడా. 34 గంటలు పట్టింది. షాపుకొచ్చిన ప్రతివాడికీ చూపించా. అందరూ బాగుందన్నారు. అప్పుడు రెండో ఫ్రేము, అంటే కదలికలో తర్వాతి బొమ్మ, మొదలుపెట్టా.

కాలు ముందుకు పెడితే భుజం కదలాలి, భుజం కదిలితే మడతలు కదలాలి. ప్రతి మడతనీ మళ్లీ చేత్తో గీశా. మొదటి ఫ్రేములో ఒక చోట ఉన్న గీత రెండో దాంట్లో ఒక గడి పక్కకి పోయింది, మూడో దాంట్లో మళ్లీ వెనక్కొచ్చింది. ప్లే చేసి చూస్తే తోలు మీద చీమలు పారుతున్నట్టుంది. నాలుగు ఫ్రేములు అయ్యేసరికి ఇంకో ఇరవై గంటలు పోయాయి. అది చాలదన్నట్టు బావమరిది ఇంకో బాంబు పేల్చాడు. "బావా, మన ఆట స్క్రీను ఎత్తే 180 గళ్లు. నీ ఎద్దు ఒక్కటే సగం పైన తినేస్తే బండ ఎక్కడ పెట్టను?"

వాడు అనుకున్న సైజు 320×180. ఇది చాలా పిక్సెల్ ఆటల్లో కనిపించే కొలతే. కారణం లెక్కలోనే ఉంది. దీన్ని 4 రెట్లు చేస్తే 1280×720, 6 రెట్లు చేస్తే 1920×1080. పూర్ణసంఖ్యతో హెచ్చిస్తేనే ప్రతి గడీ ఒకే సైజులో ఉంటుంది. మూడున్నర రెట్లు చేశారనుకోండి, ఒక గడి మూడు చుక్కలు, పక్క గడి నాలుగు చుక్కలు అవుతుంది. ఎద్దుకి ఒక కాలు సన్నం, ఒక కాలు లావు. 2400×1080 ఫోన్లలో 6 రెట్లకి ఎత్తు 180 సరిపోతుంది, వెడల్పు 400 వస్తుంది. అంటే పక్కల్లో మైదానం ఇంకొంచెం కనిపిస్తుంది, అంతే.

అందుకని కొలతలు మనిషి నుంచి మొదలుపెట్టాం. తోలే మనిషి 28 గళ్ల ఎత్తు. నేల నుంచి మూపురం కొసదాకా గిత్త 26 గళ్లు. పొడవు 46. ముందే ఈ పని చేసుంటే యాభై గంటలు మిగిలేవి.

పందా?

చిన్న సైజులో రెండో గిత్త గీశాక, బొమ్మ మొత్తాన్ని నల్లరంగుతో నింపి, లోపలి గీతలేవీ లేకుండా మా అమ్మకి చూపించా. ఎక్కడో చదివిన చిట్కా అది. నీడలాగా చూపించినా గుర్తుపట్టాలి, లేకపోతే రంగులు వేసినా లాభం ఉండదు. అమ్మ కళ్లద్దాలు పెట్టుకుని చూసి "పందా?" అంది.

ప్రకాశం జిల్లాలో పుట్టి పెరిగినామె ఒంగోలు గిత్తని చూసి పంది అంటే నాకు తిక్కరేగింది. తీరా చూస్తే తప్పు నాదే. మూపురం నేను గీశాను కానీ లోపల గీశాను. వీపు గీత మీద కొంచెం ముదురు రంగుతో వంపు తిప్పి అదే మూపురం అనుకున్నా. నల్లగా నింపగానే అది మాయమైంది. గంగడోలు కూడా అంతే, మెడకి అతుక్కుపోయి ఉంది. మిగిలింది లావు ఒళ్లు, పొట్టి కాళ్లు. పంది కాక ఇంకేమవుతుంది?

దూరం నుంచి ఒంగోలు గిత్తని గిత్తగా చూపించేవి మూడే: పైకి లేచిన మూపురం, కిందికి వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు. మూపురాన్ని వీపు గీత కంటే 5 గళ్లు పైకి లేపా. అసలు ఎద్దుకి అంత ఉండదు, ఇక్కడ ఉండాలి. గంగడోలు గడ్డం కింద నుంచి ముందు కాళ్ల మధ్యదాకా దింపా. కొమ్ములకి రెండేసి గళ్లు, కాస్త పైకి. మళ్లీ నల్లగా నింపి చూపిస్తే ఈసారి అమ్మ "మీ బాబాయి వాళ్లదా?" అంది.

గంగడోలు వంపు దగ్గర ఒక సంగతి చెప్పాలి, నేర్చుకునేవాళ్లకి పనికొస్తుంది. పిక్సెల్ బొమ్మలో వంపు అంటే మెట్లు. ఒక్కో మెట్టు ఎన్ని గళ్లన్నది వరసలో ఉండాలి. నేను మొదట గీసిన మెట్లు 3, 1, 2, 4, 1. చూస్తే వంపు కాదు, కొరికిన రొట్టెలాగుంది. తర్వాత 5, 3, 2, 1, 1 అని మార్చా. గళ్ల సంఖ్య తగ్గుతూ పోయినప్పుడే కంటికి నున్నగా కనిపిస్తుంది. ఇలా నాలుగు గళ్లు జరపడానికి ఒక్కోసారి అరగంట పట్టేది. అంచులు మెత్తగా రావాలని మధ్య రంగు గళ్లు పెడదామనిపిస్తుంది. మెట్లు సరిగ్గా లేకుండా అవి పెడితే బురద పూసినట్టుంటుంది.

తెలుపులో తెలుపు లేదు

గిత్త తెల్లది కాబట్టి తెల్లరంగు పోశా. కాగితం కత్తిరించి అంటించినట్టొచ్చింది. దాని చుట్టూ నల్లటి స్ట్రోక్ కూడా వేశా. ఫ్లెక్స్‌లో ఫొటో చుట్టూ స్ట్రోక్ లేకపోతే కస్టమర్ ఒప్పుకోడు, ఆ అలవాటు. 26 గళ్ల ఎద్దుకి చుట్టూ నల్లగీత అంటే ప్రతి కాలికీ అటొక గడి, ఇటొక గడి నలుపుకే పోతుంది. మధ్యలో కాలు ఎక్కడ మిగులుతుంది?

చివరికి ఎద్దు ఒంటికి ఐదు రంగులు తేలాయి. ఎండ పడే చోట 244, 236, 216. ఇది తెలుపు కాదు, మీగడ రంగు. తర్వాత 204, 200, 204. దాని కింద 148, 148, 172. ఇంకా లోపల 86, 82, 112. గిట్టలు, ముట్టె, కంటి చుట్టూ, తోక కుచ్చుకి 38, 34, 52. ఈ అంకెలు ఎరుపు, ఆకుపచ్చ, నీలం వరసలో ఉన్నాయి. వెలుతురు నుంచి నీడకి పోయేకొద్దీ నీలం వాటా మిగతావాటి కంటే పెరగడం చూడండి. ఉత్త బూడిదరంగు వేస్తే నీడ మురికిలాగా కనిపిస్తుంది. మధ్యాహ్నం ఎండలో తెల్ల ఎద్దుకి నీడ పడే పక్క చూస్తే నిజంగానే కాస్త నీలంగా ఉంటుంది. నేను అన్నేళ్లు చూసి కూడా గమనించలేదు.

నల్ల స్ట్రోక్ తీసేసి వీపు మీద గీతే లేకుండా వదిలేశా. పొట్ట కింద, కాళ్ల వెనక మాత్రం ఆ 86, 82, 112తో గీత పెట్టా. ఇంకో తప్పు కూడా చేసేవాణ్ని. అంచుల నుంచి మధ్యకి చుట్టూ సమానంగా లేత చేసుకుంటూ పోయి దిండులాగా ఉబ్బించేవాణ్ని. పిక్సెల్ వాళ్లు దాన్ని పిల్లో షేడింగ్ అనే అంటారు. వెలుతురు ఎటు నుంచి వస్తుందో ముందు తేల్చుకుంటే ఆ జబ్బు పోతుంది.

నడక

నాలుగు కాళ్ల జంతువుని నడిపించడం కొత్తవాడు నెత్తికెత్తుకునే పని కాదని ఇప్పుడు చెప్తా. అప్పుడు చెప్పేవాళ్లు లేరు. నేను వేసిన మొదటి నడకలో ముందు ఎడమ కాలు, వెనక కుడి కాలు కలిసి లేస్తాయి. తర్వాత ఆ మిగతా రెండూ. అది దుడుకు పరుగు, నడక కాదు. బండ కట్టిన ఎద్దు అలా గంతులేస్తుంటే బావమరిది పొట్ట పట్టుకుని నవ్వాడు.

1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరిగెత్తే గుర్రానికి వరస ఫొటోలు తీసేదాకా, నాలుగు గిట్టలూ ఒకేసారి గాల్లో ఉంటాయా లేదా అని పెద్దపెద్దవాళ్లే వాదించుకున్నారు. మామూలు కంటికి అందేది కాదు అది. ఆటల్లో చూస్తే 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా కోసం జోర్డన్ మెక్నర్ తన తమ్ముడిని పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి దాని మీద గీసుకున్నాడు. నాకు తమ్ముడు లేడు, బాబాయి ఎద్దులున్నాయి. టంగుటూరు దగ్గర మా ఊరు. ఆదివారం పోయి ఫోన్‌లో స్లో మోషన్ పెట్టి పక్క నుంచి తీశా. ఫోన్ చేత్తో పట్టుకుంటే లాభం లేదు, గట్టు మీద ఇటుకల మధ్య నిలబెట్టా.

ఎద్దు నడక వరస ఇది: వెనక ఎడమ, ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి. నేను 8 ఫ్రేములు తీసుకున్నా. 1వ ఫ్రేములో వెనక ఎడమ గిట్ట నేలకి ఆనితే, 3లో ముందు ఎడమ, 5లో వెనక కుడి, 7లో ముందు కుడి. ఒక్కో గిట్ట 5 ఫ్రేములు నేల మీద, 3 ఫ్రేములు గాల్లో. ఇందులో ఒక సుఖముంది. వెనక కాలు ఒకటి, ముందు కాలు ఒకటి గీస్తే చాలు. వాటినే 4 ఫ్రేములు జరిపి, ఒక రంగు ముదురు చేస్తే అవతలి వైపు కాళ్లు తయారు. కాళ్లు గీసేటప్పుడు ఒళ్లు కనపడకుండా ఆపేసి, ఒళ్లు వేరే లేయర్లో, అంటే వేరే పొర మీద, ఒక గడి పైకీ కిందికీ ఊపా, అంతే.

నడక బాగానే వచ్చిందనుకున్నా. ఆటలో పెట్టగానే ఎద్దు జారుతోంది. పాచి పట్టిన మెట్ల మీద నడుస్తున్నట్టు గిట్ట ఆనిన చోట ఆగట్లేదు. ఇది లెక్క తప్పు, బొమ్మ తప్పు కాదు. 8 ఫ్రేములు, ఒక్కోటి 125 మిల్లీసెకన్లు, మొత్తం సరిగ్గా ఒక సెకను. నేల మీదున్న గిట్టని నేను ఫ్రేముకి 3 గళ్లు వెనక్కి జరిపా. అంటే ఎద్దు సెకనుకి 24 గళ్లు ముందుకు పోవాలి. వాడు కోడ్‌లో 40 పెట్టాడు. 24 చేయగానే గిట్ట నేలకి అతుక్కుంది. ఈ ఒక్క లెక్క తెలియక వారం రోజులు కాళ్లు మళ్లీ మళ్లీ గీశా.

బాబాయి చూసిన రోజు

దసరాకి ఊరెళ్లినప్పుడు ఫోన్ బాబాయి చేతికిచ్చా. జత ఉంది, కాడి ఉంది, వెనక బండ ఉంది. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నా. ఆయన కాసేపు చూశాడు.

"ఎద్దులు బానే ఉన్నయ్ అబ్బాయ్. సంతకి పోతన్నయ్యా?"

"బండ లాగుతున్నాయి బాబాయ్."

"ఏదీ బండ?"

"అదిగో, వెనకాల."

"అది బండా? దూది మూటేమో అనుకున్నా."

పక్కనున్న బావమరిది మొహం తిప్పుకున్నాడు, నవ్వాపుకోలేక. బాబాయి మాత్రం నవ్వలేదు. బీడీ పక్కన పెట్టి, లేచి, నా భుజాల మీద తన రెండు చేతులూ వేసి వెనక్కి నొక్కి పట్టుకున్నాడు. "ఇప్పుడు ముందుకి రా." నేను తోశా. కదల్లేదు. తల దించా. పాదాలు వెనక్కి జారాయి. అప్పుడు ఆయన చేతులు కొంచెం సడలించాడు, నేను తూలి ముందుకు పడబోయా. "అదీ. ఆ మజ్జలో ఒక చణం ఏదీ కదల్దు. నీ ఎద్దు ఎప్పుడూ కదుల్తానే ఉంది. ఇంక బరువేడిది?"

ఇన్ని నెలలుగా నేను ఎద్దుని గీస్తున్నా. లాగడాన్ని ఒక్కరోజు కూడా గీయలేదు. బండ ఎద్దుల వెనక బొమ్మలాగా అతికించి ఉంది, ఎద్దు ఒక గడి జరిగితే అదీ ఒక గడి జరుగుతోంది. ఫ్లెక్స్‌లో హీరో ఫొటో పక్కన అభిమాని ఫొటో అతికించినట్టే.

ఆ రాత్రే మొదలు పెట్టే కదలికని విడిగా రాసుకున్నా. కదలని బండని కదిలించడానికి కావలసిన బలం, కదులుతున్నదాన్ని లాగడానికి కావలసినదానికంటే ఎక్కువ. స్కూల్లో ఘర్షణ పాఠంలో చదివిందే. కాబట్టి మొదటి జర్కు వేరే యానిమేషన్ కావాలి, నడకనే తిప్పి వాడితే కుదరదు. కాడికీ బండకీ మధ్య నేను గీసింది మోకు. ఆ మోకుతోనే పని జరిగింది. ఒక్కో ఫ్రేమూ ఇలా వచ్చింది.

మొదటి ఫ్రేములో ఎద్దులు నిలబడి ఉంటాయి, మోకు మధ్యలో 3 గళ్లు కిందికి వేలాడుతుంది. 200 మిల్లీసెకన్లు. రెండో దాంట్లో తల 3 గళ్లు దిగుతుంది, ఒళ్లు ఒక గడి వెనక్కి వస్తుంది, వెనక కాళ్లు పొట్ట కిందికి వస్తాయి. 160. మూడో దాంట్లో ఒళ్లు 2 గళ్లు ముందుకు, మోకు వేలాడటం ఒక గడికి తగ్గుతుంది. 80. నాలుగో దాంట్లో మోకు బిగిసి తిన్నటి గీత. ఇక్కడ 320 మిల్లీసెకన్లు ఆపేశా. ఈ ఆగిన సమయంలో ఎద్దు కదలదు, బండ కదలదు, వెనక గిట్ట ఒక్కటే ఒక గడి వెనక్కి జారుతుంది, దాని వెనక నాలుగు గళ్ల దుమ్ము. ఐదులో బండ ఒకే ఒక్క గడి ముందుకొస్తుంది. ఆరులో మూడు గళ్లు. ఏడులో ఎద్దులు తూలినట్టు ముందుకు పడతాయి, మోకు మళ్లీ ఒక గడి వేలాడుతుంది, బండ వెనక పెద్ద దుమ్ము.

ప్లే చేసి చూశా. ఎద్దు బొమ్మలో ఒక్క రంగు మార్చలేదు, ఒక్క మడత కలపలేదు. అయినా బండ బరువెక్కింది. బావమరిదిని రాత్రి పదకొండున్నరకి లేపి చూపించా. వాడు నిద్రమత్తులోనే తలకాయ ముందుకు వంచాడు, తనే లాగుతున్నట్టు.

నడక కూడా మార్చాల్సొచ్చింది. లాగే ఎద్దు ఒకే వేగంతో పోదు. నిలబడినప్పుడు ఒంటి బరువులో సగానికి పైగా ముందు కాళ్ల మీదే ఉంటుంది కానీ, తోపు వచ్చేది వెనక కాళ్ల నుంచి. వెనక గిట్ట ఆనాక తోస్తుంది, ఆ తర్వాత మందగిస్తుంది. అందుకని కోడ్‌లో సెకనుకింత అనే వేగం తీసేయించి ఫ్రేముకింత అని పెట్టించా: 1, 4, 5, 2, మళ్లీ 1, 4, 5, 2. కలిపితే పాత 24 గళ్లే. నేల మీదున్న గిట్టలు కూడా సరిగ్గా అవే అంకెలతో వెనక్కి జరగాలి కాబట్టి కాళ్లు అన్నీ మళ్లీ గీశా. ఈసారి విసుగు రాలేదు.

మనిషి, చర్నాకోల, మిగతా చిల్లర

తోలే మనిషి తేలిగ్గానే వచ్చాడు. 28 గళ్ల ఎత్తులో తలకి దక్కేది ఆరో ఏడో గళ్లు. అందులో కళ్లు, ముక్కు, నోరు పెట్టబోతే పుర్రెలా తయారైంది. 1981లో డాంకీ కాంగ్‌లో మొదట కనిపించిన మారియోకి టోపీ, మీసం వచ్చింది కూడా ఈ ఇబ్బందిలోంచే. జుట్టు గీయకుండా టోపీ, నోరు గీయకుండా మీసం. మా వాడికి ఎర్రటి తలగుడ్డ, కింద నల్ల మీసం రెండు గళ్లు, ఎగ్గట్టిన తెల్ల పంచె. కళ్లు లేవు. ఇంతవరకు ఒక్కరూ కళ్లేవని అడగలేదు.

ముందు అనుకున్న ఆటలో స్క్రీను నొక్కితే చర్నాకోల దెబ్బ పడాలి. ఆరు ఫ్రేములు గీశా కూడా. పెట్టి ఆడి చూస్తే నిమిషానికి అరవై దెబ్బలు కొడుతున్నాం. మా ఇద్దరికీ చేతులు రాలేదు. దాన్ని తీసేసి, వెనక గిట్ట ఆనిన క్షణానికి సరిగ్గా నొక్కితే మనిషి 'హెయ్' అని అదిలించేలా మార్చాడు వాడు. ఆట కూడా దీంతోనే బాగుపడింది, ఎందుకంటే ఇప్పుడు ఆడేవాడు కాళ్ల వంక చూడాలి.

ఫైళ్ల దగ్గర రెండు దెబ్బలు తిన్నాం. ఒకరోజు షాపు నుంచి షీటుని, అంటే ఫ్రేములన్నీ వరసగా పెట్టిన బొమ్మని, చాటింగ్ యాప్‌లో ఫొటోగా పంపా. పదకొండు రంగుల బొమ్మ అటు చేరేసరికి వందల రంగులైంది, వెనక పారదర్శకంగా ఉండాల్సిన చోట నలుపు, గిట్టల చుట్టూ మరకలు. అలాంటి యాప్‌లు ఫొటోని కుదించి జేపెగ్ చేస్తాయని ఫ్లెక్స్ పనిలో రోజూ మొత్తుకునేవాణ్ని నేనే. పీఎన్‌జీని డాక్యుమెంట్‌గా పంపితే సరిపోయింది. రెండోది గోడోలో టెక్స్‌చర్ ఫిల్టర్‌ని నియరెస్ట్‌కి (గళ్లని మసకబార్చకుండా ఉన్నదున్నట్టు చూపించే పద్ధతికి) మార్చడం మర్చిపోయి, ఎద్దులకి జ్వరం వచ్చినట్టు మసకగా ఉన్నాయని రంగులు మార్చుకుంటూ కూర్చోవడం. షీటులో ఫ్రేముల మధ్య ఒక్కో గడి ఖాళీ వదలండి. లేకపోతే పక్క ఫ్రేములోని తోక కొస ఈ ఫ్రేములో మెరుస్తుంది.

దాపట, ఎలపట

జతలో రెండో ఎద్దుని నేను గీయలేదు. మొదటిదాన్నే కాపీ చేసి, 5 గళ్లు ముందుకి, 4 గళ్లు పైకి జరిపి, రంగులన్నీ ఒక మెట్టు ముదురు చేశా. రెండూ ఒకే కాలు ఒకేసారి వేస్తే కవాతు చేసినట్టుందని, అవతలిదాన్ని 4 ఫ్రేములు వెనక నడిపించా. దాంతో జత జతలాగే అనిపించింది. కొంచెం తేడా ఉండాలని ఇవతలిదాని మెడకి ఎర్ర పట్టెడ, అవతలిదానికి నీలం పట్టెడ కట్టా. తెలివైన పనే చేశాననుకున్నా.

సంక్రాంతికి బాబాయి మళ్లీ చూశాడు. జర్కు దగ్గర ఆయన మెడ నరాలు బిగుసుకోవడం నేను చూశా, మాట రాలేదు. బండ ట్రాక్ చివరికి పోయింది, జత తిరిగింది, ఇటు రావడం మొదలైంది. ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"అబ్బాయ్, పోయేటప్పుడు ఎర్ర పట్టెడది ఎలపట ఉంది. వచ్చేటప్పుడు దాపటికి ఎట్టొచ్చిందిరా? మజ్జలో కాడి ఇప్పి మార్చారా?"

ఎలపట అంటే కుడి, దాపట అంటే ఎడమ. మా బొమ్మ కుడివైపు పోతున్నప్పుడు మనకి దగ్గరగా కనిపించేది కుడి ఎద్దు. వెనక్కి తిరిగి ఎడమవైపు వస్తున్నప్పుడు దగ్గరగా కనపడాల్సింది ఎడమ ఎద్దు. మేం చేసిందల్లా బొమ్మని అద్దంలోలా తిప్పడం. తిప్పితే ఎర్ర పట్టెడ మన దగ్గరే ఉండిపోతుంది, అంటే ఎద్దులు స్థానాలు మార్చుకున్నట్టు. ఎడ్లు తోలేవాడికి ఇది చిన్న సంగతి కాదు. ఎలపట అలవాటైన ఎద్దుని దాపట కడితే మొరాయిస్తుంది.

దీన్ని కొత్తగా గీయకుండానే దిద్దాం. ఎర్ర పట్టెడ ఎద్దుకి దగ్గర రంగులు ఒక సెట్టు, దూరం రంగులు ఒక సెట్టు. నీల పట్టెడదానికీ అలాగే రెండు. మొత్తం నాలుగు సెట్లు. తిరగ్గానే ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది కోడ్ మారుస్తుంది, రంగుల సెట్టు కూడా మారుతుంది. వెలుతురు మాత్రం తిప్పితే అటు నుంచి ఇటుకి వచ్చేస్తుంది. అందుకని సూర్యుణ్ని నడినెత్తికి తెచ్చి, వీపు మీద లేత రంగుని రెండు వైపులా సమానంగా సర్దా.

అసలు తిరిగే కదలిక ఇంకా గీయలేదు. జత కాడితో సహా మన వైపు తిరగాలి, అంటే ఎద్దుని ఎదురుగా, ఏటవాలుగా, వెనక నుంచి కూడా గీయాలి. ప్రస్తుతానికి ట్రాక్ చివర్లో బండ చుట్టూ పెద్ద దుమ్ము లేపి, ఆ దుమ్ములోనే ఎద్దులని మార్చేస్తున్నాం. 9 ఫ్రేముల దుమ్ము. బాబాయి ఇంకా పట్టుకోలేదు.